శీతాకాలంలో సెయిల్‌బోట్ రిగ్గింగ్ కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డెట్రాయిట్ పక్కనున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో నాకు 1980ల నాటి 27 అడుగుల కాటలినా పడవ ఉంది. ఇక్కడి శివార్లైన నోవై, ట్రాయ్, క్యాంటన్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో కూడా ఈ మధ్య పాత సెయిల్‌బోట్ కొని ముచ్చట తీర్చుకుంటున్నవాళ్లు కనిపిస్తున్నారు. అక్టోబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇంజిన్‌లో యాంటీఫ్రీజ్ ఎంత పోయాలి, టార్పాలిన్ ఎలా కప్పాలి అని అందరూ అడుగుతారు. మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, నిలబెట్టే తీగల సంగతి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నిజానికి ఆ తీగల్లో ఒక్కటి తెగినా ముప్పై అడుగుల మాస్ట్ మన పిల్లలు కూర్చున్న చోట పడుతుంది. అందుకే నన్ను అడిగినవీ, అడిగితే బాగుండేదని నేననుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

రిగ్గింగ్ అంటే ఏమేం వస్తాయి?

రెండు రకాలు. కదలకుండా మాస్ట్‌ని పట్టి ఉంచేవి ఒక రకం: ముందు ఫోర్‌స్టే, వెనక బ్యాక్‌స్టే, రెండు పక్కలా ష్రౌడ్లు. ఇవి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు. 19 పోగులు కలిపి పురి పెట్టిన గట్టి తీగ ఇది. కింద బిగించడానికి టర్న్‌బకిల్, దాన్ని పడవకు కలిపే క్లెవిస్ పిన్, ఆ పిన్ జారిపోకుండా కాటర్ పిన్ ఉంటాయి. వీటన్నిటి బరువూ చివరికి చైన్‌ప్లేట్ మీద, అంటే పడవకు బిగించిన లోహపు పట్టీ మీద పడుతుంది.

రెండోది మనం చేత్తో లాగే తాళ్లు. తెరచాప ఎత్తే హాల్యార్డ్, దాన్ని గాలికి తగ్గట్టు సర్దే షీట్. ఈ రెండు రకాలకీ శీతాకాలం చేసే హాని వేరు, మనం తీసుకునే జాగ్రత్తా వేరు.

స్టెయిన్‌లెస్ స్టీలే కదా, చలికి ఏమవుతుంది?

చలికి ఏమీ కాదు. లోపల నిలిచిపోయిన నీళ్లతోనే ప్రమాదం. ఈ పేజీ మొత్తంలో ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

తీగ చివర స్వేజ్ అని ఒక గొట్టంలాంటి ముక్క ఉంటుంది. తీగను దాంట్లోకి దూర్చి, యంత్రంతో నొక్కి బిగిస్తారు. మాస్ట్ నిలబడి ఉన్నప్పుడు కింది స్వేజ్ నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. వాన నీళ్లు తీగ వెంబడే జారి, పోగుల సందుల్లోంచి దాంట్లోకి దిగుతాయి. దిగిన నీళ్లకు బయటికి పోయే దారి లేదు. గడ్డ కట్టినప్పుడు నీళ్లు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్‌లో మర్చిపోయిన గాజు సీసా పగిలినట్టే స్వేజ్ గోడ కూడా నిలువునా చీలుతుంది. మిచిగన్‌లో జనవరిలో పగలు కాస్త కరిగి, రాత్రి మళ్లీ గడ్డ కట్టడం మామూలే. కరిగినప్పుడల్లా కొత్త నీళ్లు దిగుతాయి, గడ్డ కట్టినప్పుడల్లా చీలిక పెరుగుతుంది.

రెండో హాని నిదానంగా జరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టకపోవడానికి కారణం దానిమీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర చెదిరినప్పుడు మళ్లీ ఏర్పడాలంటే గాలిలో ఆక్సిజన్ తగలాలి. గాలి ఆడకుండా తడి మాత్రం నిలిచిన సందుల్లో ఆ పొర పోయి లోహాన్ని లోపల్లోపల తుప్పు తినేస్తుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది.

చలికి తీగలు బిగుసుకుని పడవనే వంచేస్తాయంటారు. నిజమేనా?

అల్యూమినియం మాస్ట్ ఉన్న పడవలో నిజం కాదు. నేనూ చాలాకాలం అదే నమ్మాను, లెక్క వేసి చూశాక మానేశాను. పది మీటర్ల మాస్ట్ అనుకోండి. వేసవి 25 డిగ్రీల నుంచి శీతాకాలం మైనస్ 15కి వస్తే 40 డిగ్రీల తేడా. దానికి అల్యూమినియం దాదాపు 9 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. అంతే పొడవున్న స్టీల్ తీగ ఆరున్నర మిల్లీమీటర్లే తగ్గుతుంది. అంటే తీగకన్నా మాస్టే ఎక్కువ పొట్టిదవుతుంది, తీగలు కాస్త వదులవుతాయి.

చెక్క మాస్ట్, కార్బన్ మాస్ట్ సంగతి దీనికి తలకిందులు. అవి చలికి దాదాపు కుంచించుకోవు కాబట్టి స్టీల్ తీగే బిగుసుకుంటుంది. మీది పాత చెక్క మాస్ట్ అయితే శీతాకాలానికి ముందు టర్న్‌బకిల్స్ కొంత వదలాల్సిందే.

మాస్ట్ దింపాలా, అలాగే నిలబెట్టి ఉంచాలా?

వీలైతే దింపండి. క్రేన్ ఖర్చు ఉంటుంది, రెండు పూటల పని ఉంటుంది, నిజమే. కానీ మాస్ట్ పైభాగంలో ఉన్న పిన్నులనీ, కప్పీలనీ, స్ప్రెడర్ (ష్రౌడ్లను మాస్ట్‌కి దూరంగా పట్టి ఉంచే అడ్డకడ్డీ) చివర్లనీ నేలమీద నిలబడి కళ్లతో చూసే అవకాశం ఇదొక్కటే. పైన ఏం జరుగుతోందో తెలియకుండా మళ్లీ వేసవిలో తెరచాప ఎత్తడం నాకు మనసొప్పదు.

మా దగ్గర చాలామంది ఏటా దింపరు. అలాంటివాళ్లకు నేను చెప్పేది: కనీసం మూడేళ్లకోసారైనా దింపండి, పడవ కొన్న మొదటి శీతాకాలం మాత్రం తప్పకుండా దింపండి. పాత యజమాని ఏం చేశాడో మీకు తెలియదు కదా.

ఇంకో లెక్క కూడా ఉంది. పడవను ఒడ్డుమీద స్టాండ్ల మీద నిలబెట్టినప్పుడు మాస్ట్ ఉంటే గాలి దెబ్బ చాలా ఎక్కువ. గ్రేట్ లేక్స్ నవంబర్ గాలి మామూలుది కాదు. 1975 నవంబర్ 10న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే భారీ సరుకు ఓడ 29 మందితో మునిగిపోయింది ఇలాంటి తుపానులోనే. మాస్ట్ దింపకపోతే స్టాండ్లను ఇటూ అటూ గొలుసుతో కలిపి కట్టారో లేదో మీరే వెళ్లి చూడండి. టార్పాలిన్ తాళ్లను మాత్రం స్టాండ్లకు ఎప్పుడూ కట్టకండి. గాలికి టార్పాలిన్ ఎగిరితే స్టాండ్‌ని లాగేస్తుంది.

నిలబెట్టే ఉంచితే తీగలు ఎంత వదులు చేయాలి?

అల్యూమినియం మాస్ట్ అయితే బ్యాక్‌స్టే బిగువు మార్చే అడ్జస్టర్ ఉంటే దాన్ని వదిలేయండి. మిగతా వాటిని అలాగే ఉంచండి. పైన చెప్పినట్టు చలికి అవే కాస్త వదులవుతాయి. మనం ఇంకా వదిలితే మాస్ట్ ప్రతి గాలికీ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ కుదుపే తీగ పోగులను స్వేజ్ నోటి దగ్గర విరగ్గొడుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంచుతాం చూడండి, అదే పని గాలి నాలుగు నెలలపాటు చేస్తుంది.

పక్కనుంచి ఒకే వేగంతో గాలి వీస్తే కొన్ని మాస్ట్‌లు వణుకుతాయి. పడవ మొత్తం గుంయ్‌మని మోగుతుంది. అలా జరిగితే పాత తాడొకటి మాస్ట్ చుట్టూ మరచుట్టులాగా కిందినుంచి పైదాకా చుట్టండి, తగ్గుతుంది. హాల్యార్డ్‌లు మాస్ట్‌కి కొట్టుకోకుండా పక్కకు లాగి కట్టండి. ఆ టకటక వల్ల పక్క పడవవాళ్లకు చికాకు ఒక్కటే కాదు, మాస్ట్ పైపూత, తాడు రెండూ అరుగుతాయి.

మాస్ట్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటుంది. సాలీడు గూడో, ఆకులో అడ్డుపడితే లోపల నీళ్లు నిలిచి గడ్డ కట్టి మాస్ట్ అడుగే చీలిపోగలదు. సన్న తీగ ఒకటి పెట్టి పొడిచి చూడండి. రెండు నిమిషాల పని.

దింపే ముందు ఏం రాసి పెట్టుకోవాలి?

ఫోన్‌తో ఫోటోలు తీయండి, కానీ ఫోటోలతో సరిపెట్టకండి. ప్రతి టర్న్‌బకిల్‌లో పైన, కింద ఎంత మర బయటికి కనిపిస్తోందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తీగ బిగువు కొలిచే లూస్ గేజ్ (Loos gauge) ఉంటే ఒక్కో తీగ టెన్షన్ ఎంతుందో కూడా రాయండి. మే నెలలో అదే కొలతకు తెచ్చేస్తే సగం ట్యూనింగ్ అయిపోయినట్టే.

ఒక్కో తీగకూ పేరు రాసిన చీటీ కట్టండి: ఎడమ పై ష్రౌడ్, కుడి కింది ష్రౌడ్, అలా. అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ పొడవుల్లో తేడా ఉంటుంది. మాస్ట్ లైట్ల వైర్లు, రేడియో యాంటెన్నా వైరు డెక్ దగ్గర విప్పారో లేదో క్రేన్ వచ్చేలోపు చూసుకోండి. పైనున్న గాలి దిశ చూపే బాణం క్రేన్ తాడు తగిలి విరగడం నేను రెండుసార్లు చూశాను.

ఇంకోటి. మెరీనాల్లో గొట్టాలు గడ్డ కడతాయని అక్టోబర్‌లోనే నీళ్లు ఆపేస్తారు. రిగ్గింగ్ కడగాలంటే ఆ లోపే కడగాలి. మా సరస్సు మంచినీళ్లే కాబట్టి దుమ్ము, పక్షి రెట్టలు పోతే చాలు. సముద్రంలో తిరిగిన పడవైతే ఉప్పు మొత్తం పోయేదాకా మంచినీళ్లతో కడగడం తప్పనిసరి.

దింపిన మాస్ట్‌ని ఎలా పెట్టాలి?

పడుకోబెట్టి, తిన్నగా, గాలి ఆడేలా. మూడు నాలుగు చోట్ల ఆధారం పెట్టండి, ఒక కొసనుంచి చూస్తే వంపు కనిపించకూడదు. ఆధారం మీద పాత కార్పెట్ ముక్క వేయండి. స్ప్రెడర్లు విప్పేయండి, వాటి చివరి రబ్బరు తొడుగులు కూడా తీసేయండి. వాటి కింద తడి నిలుస్తుంది.

తీగలను మాస్ట్‌కి ఆనించి తాడుతో గట్టిగా కట్టి వదిలేయడం చాలామంది చేసే పని. స్టెయిన్‌లెస్, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. తెల్లటి పొడి, చిన్న గుంటలు కనిపిస్తాయి. అందుకని తీగలు పూర్తిగా తీసేసి ఇంటికి తెచ్చుకోవడమే మేలు. చుట్ట పెద్దదిగా చుట్టండి, సైకిల్ చక్రం కన్నా చిన్నది చేయకండి. మెలిక పడిన తీగ మళ్లీ తిన్నగా అవ్వదు, దాన్ని మార్చేయాల్సిందే.

మాస్ట్ రెండు చివర్లకూ జల్లెడ లాంటి మెష్ కట్టండి. లేకపోతే ఉడుతలు, పక్షులు గూళ్లు పెట్టుకుని లోపలి వైర్లు కొరుకుతాయి. ప్లాస్టిక్ సంచి కట్టకండి, తడి లోపలే ఉండిపోతుంది. మాస్ట్‌ని డెక్ మీద పడుకోబెట్టి టార్పాలిన్‌కి దూలంలా వాడుకునేవాళ్లు మధ్యలో తప్పకుండా ఆధారం పెట్టాలి. తడిసిన మంచు బరువు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

టర్న్‌బకిల్స్‌కి టేపు చుట్టి ఉంచితే వాన పడకుండా ఉంటుంది కదా?

నేను పడవ కొన్నప్పుడు ఆరు టర్న్‌బకిల్స్‌కీ తెల్ల టేపు చక్కగా చుట్టి ఉంది. పాత యజమాని ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అని సంతోషించాను. నవంబర్‌లో ఆ టేపు కోసినప్పుడు లోపల జిగురు నల్లబడి, దాని కింద తడి తగిలింది. వాన పడి వారమైంది, బయటంతా ఎండి ఉంది, టేపు కింద మాత్రం వేళ్లకు తడి అంటింది. మర సందుల్లో గోధుమ రంగు గీతలు, పిన్ను చుట్టూ చిన్న చిన్న గుంటలు. ఆరింటిలో రెండు పనికిరావని తేలింది.

టేపు వానను ఆపదు, లోపలికి వచ్చిన తడిని మాత్రం బయటికి పోనివ్వదు. శీతాకాలంలో టేపు, ప్లాస్టిక్ తొడుగులు అన్నీ తీసేయండి. వేసవిలో తెరచాప చిరగకుండా కాటర్ పిన్ కొసమీద ఒక్క చుట్టు వేస్తే చాలు. మూసి ఉండే గొట్టం రకం టర్న్‌బకిల్స్ అయితే పూర్తిగా విప్పి ఆరబెట్టండి, వాటిలో నీళ్లు నిలిచి గడ్డ కడతాయి.

విప్పిన మరలను పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, లానోకోట్ లాంటి ఉన్నికొవ్వు గ్రీజు పలచగా రాయండి. అల్యూమినియంలో బిగించే స్టీల్ స్క్రూలకు టెఫ్-జెల్ అనే పేస్టు బాగుంటుంది. డబ్ల్యూడీ-40 పట్టేసిన మరను విప్పడానికి పనికొస్తుంది కానీ నెలల తరబడి నిలవదు.

తీగ పాడైందో లేదో నాకెలా తెలుస్తుంది?

శీతాకాలం పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గ్యారేజ్‌లో లైటు వేసుకుని, పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం పట్టుకుని కూర్చోండి. నగల షాపుల్లో కంటికి పెట్టుకుంటారే, అలాంటిది. తొందర వద్దు. ఒక్కో తీగకు పదిహేను నిమిషాలు ఇవ్వండి.

ముందు దూది తీసుకుని తీగ పొడవునా తుడవండి. విరిగిన పోగు ఎక్కడైనా ఉంటే దూది చిక్కుకుంటుంది. వేలితో తడమకండి, ఆ విరిగిన కొస చేపల గాలంలా గుచ్చుకుంటుంది. ఒక్క పోగు విరిగినా ఆ తీగను మార్చండి. మిగతా పద్దెనిమిది ఉన్నాయి కదా అనుకోవద్దు. ఒకటి విరిగేంత పని జరిగిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టు.

తర్వాత స్వేజ్. దాన్ని శుభ్రంగా తుడిచి, మెల్లగా తిప్పుతూ నిలువుగా వెంట్రుకంత గీత ఏమైనా ఉందేమో చూడండి. గీత కనిపిస్తే గోటితో అడ్డంగా గీరండి. గీత పైపైదైతే గోరు జారిపోతుంది, పగులైతే గోరు తట్టుకుంటుంది. అనుమానం తీరకపోతే పగుళ్లు చూపే ఎరుపు రంగు ద్రవం దొరుకుతుంది. అది రాసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్రటి గీత పైకి తేలుతుంది.

నా పడవలో ఎడమ కింది ష్రౌడ్‌లో అలాగే దొరికింది. గ్యారేజ్‌లో వెచ్చగా ఉన్న ఒక సాయంత్రం ఆ తీగను తలకిందులుగా పట్టుకున్నాను. స్వేజ్ నోట్లోంచి తుప్పు రంగు నీటి చుక్క ఒకటి వచ్చి తీగ మీద జారింది. పడవ ఒడ్డెక్కి రెండు నెలలైంది అప్పటికి. తుడిచి భూతద్దంతో చూస్తే స్వేజ్ అంచునుంచి బెత్తెడులో సగం పొడవున గీత. గోరు తట్టుకుంది. అంతకుముందు ఆగస్టులో మా అమ్మాయిని, ఆమె స్నేహితులను ఎక్కించుకుని గట్టి గాలిలో వెళ్లింది ఆ తీగమీదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి వారం తీగలన్నీ కొత్తవి చేయించాను.

చైన్‌ప్లేట్లను మర్చిపోకండి. డెక్‌లోంచి కిందికి దిగే చోట వాటి చుట్టూ సీలు పోయి ఉంటే నీళ్లు డెక్ లోపలి చెక్కలోకి దిగి అక్కడ గడ్డ కట్టి పొరలు విడదీస్తాయి. మాస్ట్ దిగి ఉన్నప్పుడే పైరేకు విప్పి, పాత సీలు గీకేసి, బ్యూటైల్ టేపుతో కొత్తగా వేసుకోండి.

తీగల మీద టీ రంగు మరకలున్నాయి. భయపడాలా?

తీగ పొడవునా పలచగా ఉంటే భయం లేదు, పైపై మరకే. ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బార్ కీపర్స్ ఫ్రెండ్ అనే శుభ్రం చేసే పొడిని తడిగుడ్డతో రుద్ది బాగా కడిగేయండి. ఇనుప పీచు మాత్రం వాడొద్దు, దాని రవ్వలు ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. బ్లీచ్ కూడా వద్దు. మరక ఒక్కచోటే, అదీ స్వేజ్ నోటి దగ్గరో పిన్ను రంధ్రం దగ్గరో ఉంటే మాత్రం భూతద్దం తీయండి.

తాళ్లు వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?

వేయొచ్చు, దిండు గలీబులోనో వలసంచిలోనో వేసి మూతి కట్టండి. లేకపోతే ఒకే పెద్ద ముడైపోతుంది. గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా మైల్డ్ సబ్బు. బ్లీచ్ వద్దు, డ్రయర్ వద్దు. డైనీమా అనే సింథటిక్ పోగుతో చేసిన తాళ్లకు వేడి అసలు పడదు. బేస్‌మెంట్‌లో వదులుగా వేలాడదీసి పూర్తిగా ఆరాక చుట్టండి. నేను అంతకన్నా బాత్‌టబ్‌లో రాత్రంతా నానబెట్టడమే చేస్తాను. పొద్దున నీళ్ల రంగు చూస్తే ఎందుకు ఉతకాలో అర్థమవుతుంది.

హాల్యార్డ్ బయటికి తీస్తే మళ్లీ మాస్ట్‌లోకి ఎలా ఎక్కించాలి?

తీసేటప్పుడే దాని కొసకు మూడు మిల్లీమీటర్ల సన్న తాడు సూదీదారంతో కుట్టండి. ఉత్త టేపు చుడితే పైన కప్పీ దగ్గర ఊడిపోతుంది. హాల్యార్డ్ లాగుతుంటే సన్నతాడు దాని స్థానంలోకి వెళ్తుంది. రెండు కొసలూ కింద కట్టేయండి. శీతాకాలమంతా ఎండకీ మంచుకీ ఆ సన్నతాడే బయట ఉంటుంది, మీ ఖరీదైన తాడు ఇంట్లో ఉంటుంది.

ఫర్లర్‌కి ఏం చేయాలి?

ముందు తెరచాపను ఫోర్‌స్టే చుట్టూ చుట్టిపెట్టే సాధనమే ఫర్లర్. మొదట తెరచాప దించేయండి. ఫర్లర్‌కి చుట్టి వదిలేసిన తెరచాప ఏదో ఒక గాలివానకు విప్పుకుని పీలికలవుతుంది, దాంతోపాటు మాస్ట్‌నీ ఊపేస్తుంది. మాస్ట్ దింపినప్పుడు ఫర్లర్ పొడవాటి అల్యూమినియం పట్టీ మాస్ట్ కన్నా కిందికి సాగి వేలాడుతుంది. అక్కడే వంగిపోతుంది. దానికింద ఒక బద్ద కట్టి తిన్నగా ఉంచండి. డ్రమ్ బేరింగులను మంచినీళ్లతో కడగండి. గ్రీజు పెట్టాలా వద్దా అన్నది మీ ఫర్లర్ మాన్యువల్ చూసి చేయండి, చాలా వాటికి పెట్టకూడదు.

ఎన్నేళ్లకోసారి తీగలు మార్చాలి?

ఉప్పునీళ్లలో పది పదిహేనేళ్లకు అంటారు, చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఆ వయసు దాటగానే అడగడం మొదలుపెడతాయి. మంచినీళ్ల సరస్సులో ఇరవై దాటినవి కూడా బాగానే ఉంటాయి. తీగలు ఎప్పుడు వేశారో మీకు తెలియకపోతే పడవ వయసే తీగల వయసు అనుకోండి.

హైదరాబాద్, విశాఖలో ఉన్నవాళ్లకు ఇదంతా అవసరమా?

గడ్డకట్టే సమస్య లేదు. హుస్సేన్ సాగర్‌లో తిరిగే చిన్న డింగీలకు ఎండే పెద్ద శత్రువు. వాడనప్పుడు తాళ్లు, తెరచాప నీడలో ఉంచండి, వానాకాలంలో తడిగా చుట్టి పెట్టకండి. విశాఖ ఉప్పుగాలిలో మాత్రం టేపు గురించీ, స్వేజ్ గురించీ చెప్పిన ప్రతిదీ ఇక్కడికన్నా ఎక్కువగానే వర్తిస్తుంది. తరచూ మంచినీళ్లతో కడగడమే అక్కడ అసలు మందు.

మేలో మాస్ట్ ఎత్తే రోజు ఏం చూసుకోవాలి?

కొత్త కాటర్ పిన్నులు డబ్బా నిండా తీసుకెళ్లండి. పాతవి మళ్లీ వాడకండి, ఒకసారి వంచి తిన్నగా చేసిన పిన్ను మళ్లీ వంచితే విరుగుతుంది. పిన్ను కాళ్లను వెనక్కి మడిచేయక్కర్లేదు, కొద్దిగా విచ్చుకునేలా తెరిస్తే చాలు. అలా అయితే అత్యవసరంలో తీయడం కూడా సులువు.

మాస్ట్ గాల్లోకి లేచే ముందే పైనున్న పిన్నులన్నీ ఒక్కొక్కటీ ముట్టుకుని చూడండి, పక్కన మరొకరిని పెట్టి లెక్క చెప్పించుకోండి. నేను, మా అమ్మాయి అలాగే చేస్తాం. నేను పిన్ను పట్టుకుని పేరు చెప్తాను, తను కాగితం మీద టిక్ పెడుతుంది. మా పడవలో పైన ఉండేవి పద్నాలుగు. పద్నాలుగో టిక్ పడ్డాకే క్రేన్ నడిపేవాడికి చెయ్యి ఊపుతాం.